గొయ్యి తవ్వితే ఎర్తింగ్ అయిపోదు

2023 జులై 19న ఉత్తరాఖండ్‌లోని చమోలీలో, అలకనంద ఒడ్డున ఉన్న మురుగునీటి శుద్ధి కేంద్రంలో ఇనుప రెయిలింగ్‌లోకి కరెంటు పాకింది. ముందు రోజు రాత్రి చనిపోయిన ఉద్యోగి పంచనామా కోసం పోలీసులు, గ్రామస్థులు అప్పటికే అక్కడ గుమిగూడి ఉన్నారు. 16 మంది ప్రాణాలు పోయాయి. విచారణలో ఎర్తింగ్ లోపాలు బయటపడ్డాయి.

ఇలాంటి కేంద్రాల్లో ఎక్కువగా వాడేది ఆర్మర్డ్ కేబుల్. దాని ఉక్కు తీగల కవచాన్ని ఎర్త్‌కు కలపాలి. కేబుల్ ప్యానెల్‌లోకి వెళ్లే చోట గ్లాండ్ బిగించి, ఇనుముకు ఇనుము తగిలింది కదా అని వదిలేస్తుంటారు. పెట్టె మీది పౌడర్ కోటింగ్ కరెంటును పోనివ్వదు. గ్లాండ్ కింద ఎర్త్ ట్యాగ్ వేసి, అక్కడి నుంచి ఎర్త్ టెర్మినల్‌కు రాగి తీగ లాగాలి. చమోలీలో సరిగ్గా ఇక్కడే తప్పు జరిగిందని కాదు. మన ప్యానెళ్లలో ఎవరూ చూడని చోటు మాత్రం ఇదే.

బయట ఎర్త్ గొయ్యి ఉందిగా అంటారు. దాని నిరోధం 10 ఓమ్‌లు అనుకుంటే 230 వోల్టులకు పారేది 23 ఆంపియర్లే. 63 ఆంపియర్ల బ్రేకర్ కదలదు. పెట్టె మాత్రం ముట్టుకున్నవాడి ప్రాణం తీసేలా అలాగే ఉంటుంది. బ్రేకర్ వెంటనే పడాలంటే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ దాకా లోహపు దారిలోనే తిరిగి వెళ్లాలి.

బిల్లుల్లో గోతులు లెక్కకొస్తాయి, గ్లాండ్ దగ్గర కంటిన్యుటీ రీడింగ్ రాదు. ఆ రీడింగ్ చూపించే వరకు కాంట్రాక్టరు చివరి చెల్లింపు ఆపాలని టెండర్‌లో రాయడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.