జమానత్ కాగితానికి షరమ్ ఎందుకు?

“మామూ, అమ్మీకి చెప్పనని మాటిస్తేనే చెప్తా.”

రాత్రి పదకొండు దాటాక మా ఆపా కొడుకు ఫోన్. వాడుండేది డాలస్‌కి ఉత్తరాన, నేనుండే ఇర్వింగ్‌కి అరగంట దూరం. ఆ మాట వినగానే గుండె ఝల్లుమంది. “లైసెన్సు మళ్లీ సస్పెండయ్యింది మామూ. ఎస్‌ఆర్-22 మళ్లీ పెట్టాలంట” అన్నాడు.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది: “తాగి నడిపావా బేటా?”

వాడు కాసేపు పలకలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: “ఇందుకే మామూ, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.”

ఆ జవాబు నన్ను నిద్రపోనివ్వలేదు. ఈ నాలుగు మాటలు వాడి ఇజాజత్‌తోనే రాస్తున్నాను. పేరు మాత్రం రాయను.

జరిగింది ఇదీ. వాడిదో పాత కారు. ఇన్సూరెన్సు కిస్తు నెలనెలా బ్యాంకు కార్డు నుంచి దానంతటదే కట్ అయ్యేది. కార్డు గడువు తీరింది, కొత్త కార్డు నంబరు ఇవ్వడం మరిచాడు. కిస్తు ఆగింది, పాలసీ రద్దయింది. కంపెనీ పంపిన ఈమెయిళ్లు తెరవనే లేదు. ఓ రోజు పోలీసు ఆపాడు. టెక్సాస్‌లో బండికి ఇన్సూరెన్సు ఉందో లేదో పోలీసు అక్కడే కంప్యూటర్‌లో చూసుకోగలడు, కాగితం ఇంట్లో మరిచానంటే కుదరదు. ఇన్సూరెన్సు లేకుండా మొదటిసారి దొరికితే జుర్మానా 175 నుంచి 350 డాలర్లు. కట్టేశాడు. ఆ సాయంత్రమే కొత్త పాలసీ తీసుకుని ఉంటే కథ అక్కడితో ఖతమ్. కానీ అప్పుడు చేతిలో ఉద్యోగం లేదు. జీతం మొదలయ్యాక తీసుకుందాంలే అనుకుని అలాగే నడిపాడు, మళ్లీ దొరికాడు. రెండోసారి జుర్మానా 350 నుంచి 1000 డాలర్ల దాకా ఉంటుంది. అంతటితో వదలరు. రెండోసారి కూడా కసూర్ రుజువైతే లైసెన్సుతో పాటు బండి రిజిస్ట్రేషన్ కూడా సస్పెండ్ అవుతుంది.

మొదటిది మరుపు. రెండోది తెలిసి చేసిన గల్తీ. మామూనైనంత మాత్రాన నేను దాన్ని వెనకేసుకు రాను.

ఆ లైసెన్సు తిరిగి కావాలంటే ఎస్‌ఆర్-22 ఉండాలి. చాలామంది దీన్ని ఒక రకం ఇన్సూరెన్సు అనుకుంటారు. కాదు. ఇన్సూరెన్సు కంపెనీ మన తరఫున రాష్ట్రానికి దాఖలు చేసే సర్టిఫికెట్ ఇది. “చట్టం అడిగినంత ఇన్సూరెన్సు ఈ మనిషికి మా దగ్గర ఉంది. అది ఆగిపోతే మీకు ఇత్తెలా ఇస్తాం” అని దాని మతలబ్. టెక్సాస్‌లో ఆ “అడిగినంత” ఎంతంటే, యాక్సిడెంట్‌లో ఒక్క మనిషికి దెబ్బ తగిలితే 30,000 డాలర్లు, ఎక్కువమందికి తగిలితే అందరికీ కలిపి 60,000, ఆస్తి నుక్సాన్‌కి 25,000. ఈ డబ్బులో ఒక్క డాలరు కూడా తప్పు చేసిన డ్రైవర్‌కి రాదు. వాడి కారు నుజ్జయినా దీనితో బాగుకాదు. అంతా ఎదుటివాడికి ఇచ్చే హర్జానా.

అందుకే నేను దీన్ని సజా అనను, జమానత్ అంటాను. మన గుంటూరు బజార్లో అరువు అడిగితే “జామీను ఎవరు?” అంటారు. ఒకసారి మాట తప్పినవాణ్ని మరీ గట్టిగా అడుగుతారు. రోడ్డు మీద మన పక్కన పోయే అజ్నబీకి మనం ఎవరో తెలియదు. మనవల్ల వాడి కాలు విరిగితే ఆసుపత్రి బిల్లు ఎవరిస్తారని అడిగే హక్కు వాడికుంది. ఒకసారి ఆ హక్కును గాలికొదిలినవాణ్ని రాష్ట్రం రెండేళ్లపాటు జామీను చూపించమంటోంది. ఇందులో నాకు ఇన్సాఫ్ తప్ప జుల్మ్ కనిపించదు.

మరి మావాడు రెండోసారి ఎలా ఇరుక్కున్నాడు? ఇది అందరూ వినాల్సిన సంగతి. మొదటి ఏడాది కిస్తు తప్పకుండా కట్టాడు. తర్వాత ఉద్యోగానికి దగ్గరగా రూమ్ మారి, కారు అమ్మేశాడు. కారే లేనప్పుడు ఇన్సూరెన్సు దేనికని పాలసీ మాన్పించాడు. మన దేశంలో పెరిగిన ఎవరైనా అలాగే అనుకుంటారు. అక్కడ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు బండిని పట్టుకుని ఉంటుంది. బండి అమ్మితే దాంతోపాటే కొన్నవాడి పేరు మీదకి పోతుంది. 1988 మోటారు వాహనాల చట్టం చెప్పేదీ అదే. కానీ ఎస్‌ఆర్-22 పట్టుకునేది బండిని కాదు, మనిషిని. కారు పోయినా జమానత్ ముద్దత్ పోదు.

పాలసీ ఆగగానే కంపెనీ ఎస్‌ఆర్-26 అనే ఇంకో ఫారం రాష్ట్రానికి పంపింది. “మా జమానత్ ఇక లేదు” అని చెప్పే ఫారం అది. లైసెన్సు మళ్లీ సస్పెండ్ అయింది. ఆ ఉత్తరం పాత రూమ్‌కి వెళ్లింది. అడ్రసు మారితే 30 రోజుల్లో చెప్పాలని టెక్సాస్ రూలు, వీడు చెప్పలేదు. సంగతేమీ తెలియక, దోస్తు కారు తీసుకుని ఎయిర్‌పోర్టుకి బయల్దేరినవాణ్ని దారిలో పోలీసు ఆపాడు.

కారు లేనివాళ్ల కోసం “నాన్ ఓనర్” పాలసీ అని ఒకటుంది. అప్పుడప్పుడు ఇతరుల కారు నడిపేవాళ్లకు పనికొస్తుంది, దాని మీదా ఎస్‌ఆర్-22 దాఖలు చేయించవచ్చు. వాడు ముందే నాకో ఫోన్ చేసి ఉంటే కనుక్కుని చెప్పేవాణ్ని. చేయలేదు. కారణం కిస్తు డబ్బు కాదు. షరమ్.

మన మహఫిళ్లలో, దావత్‌లలో ఎస్‌ఆర్-22 అన్న మాట వినపడితే చాలు, పక్కవాడు కళ్లెగరేస్తాడు. తాగుబోతు కాగితం అని పేరు పడిపోయింది. తాగి నడిపి పట్టుబడ్డవాళ్లకూ ఇది అవసరమవుతుంది, నిజమే. కానీ ఇన్సూరెన్సు లేకుండా దొరికినవాడికి, యాక్సిడెంట్ చేసి కోర్టు చెప్పిన హర్జానా కట్టనివాడికి కూడా ఇదే కాగితం. పేరు విని మనిషిని కొలిచేస్తే అది బద్‌గుమానీ. ఆ బద్‌గుమానీ నా నోట్లోంచే వచ్చింది, నా సొంత భాంజా మీద.

పోనీ, ఒకడు నిజంగానే తాగి నడిపాడనుకుందాం. వాడి ముందున్న పరేషానీ ఇంకా పెద్దది. 2015 నుంచి అమెరికా కాన్సులేట్లు తాగి నడిపిన అరెస్టు మీదే వీసా రద్దు చేస్తున్నాయి, కోర్టు తీర్పు దాకా కూడా ఆగడం లేదు. అలాంటివాడు ఇంట్లో చెప్పుకోలేక, లైసెన్సు లేకుండానే దొంగచాటుగా నడిపితే ఎవరికి మేలు? రోడ్డు మీద ఇంకొకరి పిల్లలు ఉంటారు. వాడి తౌబా సంగతి వాడికీ అల్లాహ్‌కీ మధ్యది. జమానత్ మాత్రం మనందరి మధ్యది. వాడు ఆ జమానత్ దగ్గరికి వచ్చేలా మనం తలుపు తెరిచి ఉంచాలి.

ఈ పద్ధతి మీద నాకు షికాయత్ లేదని కాదు. తాగి నడిపినవాడినీ, కిస్తు తప్పినవాడినీ ఇన్సూరెన్సు దుకాణం ఒకే “హై రిస్క్” గంపలో వేస్తుంది. దాఖలు ఫీజు సాధారణంగా పాతిక డాలర్లకు అటూ ఇటూనే, కానీ ప్రీమియం పెరిగి కూర్చుంటుంది. డబ్బు లేక తప్పినవాణ్ని ఇంకా ఎక్కువ డబ్బు కట్టమంటే వాడు మళ్లీ తప్పడా? డాలస్ చుట్టుపక్కల కారు లేకుండా ఉద్యోగానికి పోవడం ఎంత కష్టమో ఇక్కడ బతికేవాళ్లకు చెప్పనక్కర్లేదు. కోర్టును అడిగితే ఉద్యోగానికి, చదువుకి, ఇంటి పనులకి మాత్రం నడిపేలా ఆక్యుపేషనల్ లైసెన్సు ఇవ్వవచ్చు. దానికీ ఎస్‌ఆర్-22 కావాల్సిందే. ఇవన్నీ మారాలని నేనూ అంటాను. కానీ చట్టం మారే దాకా పిల్లవాణ్ని ఒంటరిగా వదిలేయడం మన చేతిలో ఉన్న తప్పు. దాన్ని ఇవాళే మానుకోవచ్చు.

ఇందులో పడ్డవాళ్లు మూడు సంగతులు మనసులో పెట్టుకోండి. కంపెనీ మారాలనుకుంటే కొత్త కంపెనీ దాఖలు పూర్తయ్యాకే పాతది మాన్పించండి. మధ్యలో ఒక్క రోజు ఖాళీ వచ్చినా ఎస్‌ఆర్-26 పోతుంది. రాష్ట్రం మారినా పాత రాష్ట్రం పెట్టిన షరతు అంత సులువుగా వదలదు. ఇక ముద్దత్ అన్నిచోట్లా ఒకటి కాదు. టెక్సాస్‌లో కసూర్ రుజువైన తేదీ నుంచి రెండేళ్లు, ఇల్లినాయిస్‌లో మూడేళ్లు. ఫ్లోరిడాలో తాగి నడిపినవాళ్లకు ఎఫ్‌ఆర్-44 అని వేరే ఫారం, అక్కడ ఒక మనిషికి 100,000 డాలర్ల జమానత్ చూపించాలి. దోస్తు చెప్పింది విని ఊరుకోకుండా మీ రాష్ట్రం పంపిన ఉత్తరం మీరే చదవండి.

పెద్దవాళ్లకు ఒక్క మాట. మీ పిల్లవాడు ఇలాంటి ఫోన్ చేస్తే ముందు వినండి. కిస్తు తేదీ మీ ఫోన్లో కూడా పెట్టుకోండి. లైసెన్సు తిరిగి వచ్చేదాకా ఉద్యోగానికి దింపి రండి. కంపెనీ రాష్ట్రానికి జామీను ఇస్తుంది, ఇంటివాళ్లు ఇవ్వగలిగిన జామీను ఇదే.

మావాడు నాన్ ఓనర్ పాలసీ తీసుకున్నాడు. కొత్త ఎస్‌ఆర్-22 దాఖలైంది. అది చేతికొచ్చిన ఆదివారం నేనే పక్కన కూర్చుని గుంటూరుకి వీడియో కాల్ చేయించాను. వాడు తల దించుకుని మొత్తం చెప్పాడు. రిష్తాల మాట తీస్తుందో, ఖాన్‌దాన్ ఇజ్జత్ అంటుందో, ఏడుస్తుందో అని నేను బిగుసుకుని కూర్చున్నాను.

ఆపా అంతా విని ఒక్కటే అడిగింది: “ఎవరికైనా దెబ్బ తగిలిందా బేటా?”

లేదన్నాడు. “అల్‌హందులిల్లాహ్. ఐతే కాగితం సరిగ్గా పెట్టుకో” అంది.

ఆ రాత్రి నేను అడగాల్సిన ప్రశ్న కూడా అదే.