తెలంగాణ పర్యాటకశాఖాధికారులకు: రేవునకు బయలుదేరకమునుపే చెప్పుడు



కొత్తగూడెమునందలి భద్రాచలం రోడ్డు స్టేషనులో దిగి, ఏ ప్యాకేజీకిని లోబడక, సుమారు 40 కిలోమీటర్లు బస్సులో సాగి, భద్రాచలమున రామదర్శనము చేసికొని, మఱునాడు పర్ణశాలనో పాపికొండలనో చూచి సాయంకాలమునకు మరలదలచు సామాన్య యాత్రికునకు, ఆనాడు లాంచీ కదలునో కదలదో తెలిసికొనుటకు దళారి మాటయే శరణ్యము కారాదు. 2014లో సరిహద్దు మారి, పాపికొండల లాంచీలు బయలుదేరు పోచవరం రేవు ఆంధ్రప్రదేశమునకు చెందినది. యాత్రికుడు మాత్రము నేటికిని భద్రాద్రినుండియే బయలుదేరుచున్నాడు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరుకడ పాపికొండలకు పోవు పడవ మునిగి గోదావరిపాలైనవారిలో మన వరంగల్లువారును ఉండిరి గదా! భద్రాచలమున గోదావరి 43 అడుగులకు చేరగానే మొదటి ప్రమాదహెచ్చరికను ప్రకటించు యంత్రాంగము మనకున్నది. ఆ నీటిమట్టమును, లాంచీల అనుమతిని, తుది బస్సు వేళను ప్రతిప్రభాతమున భద్రాచలం బస్టాండులోను, భద్రాచలం రోడ్డు స్టేషనులోను పెద్ద తెలుగక్షరములతో వ్రాయింపుడు. పొరుగు రాష్ట్రాధికారులతో సంప్రదించి, కార్తికమునకు ముందే యీ యేర్పాటు గావింప ప్రార్థన.

ఇట్లు,
ఒక యాత్రికుడు