భూమి అమ్మినోడికి పట్టు ఉంది, ఇల్లు కట్టినోడికి లేదు!

మన ఊళ్లల్లో లేచిన మిద్దెలన్నీ ఎవరు కట్టినవి? పునాది తవ్వింది మన వాడ మనిషి. ఇటుక మోసింది, సిమెంటు కలిపింది, స్లాబు పోసిన రోజు పొద్దుగూకేదాకా తట్ట దించకుండా నిలబడ్డది మన ఆడోళ్లు. గృహప్రవేశం అయిపోతుంది. పంతులుకు దక్షిణ ముడుతుంది, వంటోళ్లకు లెక్క ముడుతుంది. మేస్త్రి ఒక్కడే మిగిలిన బాకీ కోసం తాను కట్టిన ఇంటి గేటు బయట నిలబడాలి. మొదట "పంట డబ్బులు రానీ" అంటారు. తర్వాత "పండగ పోనీ" అంటారు. చివరకు "ఏం పని చేశావని ఇయ్యాల్రా?" అంటారు.

ఈ మేస్త్రి కోటీశ్వరుడేమీ కాదు. వడ్డీకి తెచ్చి కూలీలకు అడ్వాన్సు ఇచ్చినవాడు. ఆసామి ఎగ్గొడితే కూలీలొచ్చి నిలదీసేది ఇతన్నే. ఎగ్గొట్టినోడు మిద్దె మీద చల్లగా కూర్చుంటాడు, మాల మాదిగ వాడల్లో మనమూ మనమూ కొట్టుకుంటాం. ఇది మన పిరికితనం వల్ల వచ్చింది కాదు. చట్టం ఎవరి చేతికి పట్టు ఇచ్చిందో, ఎవరి చేతికి ఇవ్వలేదో చూస్తే సంగతి తెలుస్తుంది.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 55వ సెక్షన్ చూడండి. భూమి అమ్మిన ఆసామికి మొత్తం సొమ్ము ముట్టకముందే రిజిస్ట్రేషన్ అయిపోయిందనుకోండి. మిగిలిన బాకీకి ఆ భూమి మీదనే అతనికి హక్కు నిలిచి ఉంటుంది. దస్తావేజులో ప్రత్యేకంగా రాసుకోకపోయినా ఉంటుంది. బాకీ సంగతి తెలిసి ఇంకొకడు కొన్నా సరే, ఆ హక్కు భూమి వెంటే పోతుంది. మరి అదే భూమి మీద ఇల్లు కట్టినోడికి? ఇల్లు కట్టినందుకు ఆ ఇంటి మీద దానంతటదే వచ్చే హక్కు మన దేశ చట్టంలో లేదు. భూమి ఉన్నోడి బాకీకి భూమే జామీను. చెమట ఓడ్చినోడి బాకీకి ఆసామి నోటిమాటే జామీను!

చేతిపని చేసేవాళ్లకు మాత్రం ఒక చిన్న హక్కు ఉంది. 1872 కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం చెప్పులు కుట్టేవాడు, దర్జీ, వడ్రంగి, మోటారు మెకానిక్ ఒప్పుకున్న పని పూర్తి చేసి, కూలి ముట్టేదాకా ఆ వస్తువును తన దగ్గరే ఆపుకోవచ్చు. దీన్నే లియన్ అంటారు. మన మాటలో పట్టు. వస్తువు ఇచ్చేస్తే పట్టు పోతుంది. "మూడు నెల్లకు ఇద్దువులే" అని గడువు ఒప్పుకున్నా పోతుంది. చెప్పుల జత అయితే చేతిలో ఆపుకోవచ్చు. ఇంటినెలా ఆపుకుంటాం?

అమెరికాలో దీనికి దారి కనుక్కుని రెండు వందల ఏళ్లు దాటింది. కొత్త రాజధాని వాషింగ్టన్ కట్టేటప్పుడు పనోళ్లు, సరుకిచ్చేవాళ్లు ధైర్యంగా ముందుకు రావాలని 1791లో మేరీలాండ్ రాష్ట్రం చట్టం చేసింది. ఇయ్యాల అక్కడ 50 రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలున్నాయి. పని చేసినోడు గడువులోపల తన బాకీని భూమి రికార్డుల ఆఫీసులో రాయిస్తాడు. ఇల్లు అమ్మబోయినా, కుదువ పెట్టబోయినా ఆ బాకీ అడ్డం వస్తుంది. తీర్చకపోతే కోర్టు ద్వారా ఇంటిని వేలం వేయించొచ్చు. సర్కారు కట్టడాలను అలా వేలం వేయలేరు. అందుకని 1935లో మిల్లర్ చట్టం తెచ్చి, కేంద్ర ప్రభుత్వ పెద్ద పనులు పట్టిన కాంట్రాక్టరు కింది పనోళ్ల సొమ్ముకు ముందే పూచీ బాండు పెట్టాలన్నారు. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ చట్టం పుట్టిన కాలంలోనే వైట్‌హౌస్ కట్టిన నల్లజాతి బానిసల కూలి వాళ్ల యజమానుల జేబుల్లోకి పోయింది. చట్టం వచ్చినంత మాత్రాన అట్టడుగు మనిషికి అందదు. అందేలా చేసుకోవాలి.

మనకు అలాంటి చట్టం వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చుందామా? ఉన్నవాటిని ముందు వాడుకుందాం.

ఒకటి, కాయితం. పార పట్టకముందే కొలత, రేటు, ఏ దశకు ఎంత అన్నది రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి, సాక్షులతో పెట్టించాలి. పునాది సొమ్ము ముట్టాకే గోడలు, గోడల సొమ్ము ముట్టాకే స్లాబు అని ఆ కాయితంలోనే రాసుకోవాలి. పని సగంలో ఉన్నప్పుడే ఆసామికి మనతో అవసరం. రంగులేశాక ఆ అవసరం ఉండదు. పెద్ద పనయితే బాకీకి ఆస్తిని జామీనుగా రాసిమ్మని అడిగి రిజిస్టరు చేయించుకోవచ్చు. ఆస్తి బదిలీ చట్టం 100వ సెక్షన్ దానికి చోటిచ్చింది.

రెండు, కాయితం లేదని కుంగిపోవద్దు. ఊరికే కాకుండా చేసిన పనివల్ల ఎదుటివాడు లాభపడితే ప్రతిఫలం ఇచ్చి తీరాలని కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చెబుతుంది. పశ్చిమ బెంగాల్లో ఒక కాంట్రాక్టరు సర్కారుకు షెడ్లు కట్టాడు. ఒప్పందం పద్ధతి ప్రకారం లేదని ప్రభుత్వం సొమ్ము ఇయ్యనంది. ఈ సెక్షన్ కిందనే ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు 1962 లా రిపోర్టుల్లో ఉంది. హాజరు పుస్తకం, సరుకు బిల్లులు, ఫోన్లో పంపిన సొమ్ము వివరాలు, పని ఫొటోలు దాచుకోండి. అవే సాక్ష్యం.

మూడు, గడువు. సొమ్ము ఇచ్చేందుకు తేదీ ఏదీ అనుకోకపోతే, పని చేసిన నాటినుంచి మూడేళ్లలోపు దావా వెయ్యాలి. "ఇస్తాలే" అన్న నోటిమాటలతో ఈ మూడేళ్లు కరిగించడమే ఆసామి ఎత్తు. ఆ గడువు దాటకముందే "ఇంత బాకీ ఉన్నాను" అని సంతకం పెట్టించుకుంటే, అక్కణ్నుంచి లెక్క మళ్లీ మొదలవుతుంది.

నాలుగు, జప్తు. బాకీ ఎగ్గొట్టాలనే ఉద్దేశంతో ఆస్తి అమ్మేసుకుంటున్నాడని చూపగలిగితే, తీర్పుకు ముందే జప్తు కోరొచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 38వ ఆర్డరు 5వ రూలు అందుకే ఉంది. కోర్టు ఊరికే ఇవ్వదు, రుజువు అడుగుతుంది. డిక్రీ వచ్చాక ఆస్తిని జప్తు చేయించి వేలానికి పెట్టించొచ్చు.

ఐదు, లాయరు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం హక్కు. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయ పరిమితి లేదు. మండల, జిల్లా న్యాయ సేవల సంస్థల్లో అడగండి. అది దయ కాదు.

రెండు హెచ్చరికలు. కోపంతో తలుపులు పీక్కొచ్చినా, ఇంటికి తాళమేసినా కేసు మన మీదికే వస్తుంది, బాకీ మాట మూలకు పడుతుంది. కులం పేరుతో నలుగురిలో తిడితే 1989 అట్రాసిటీ చట్టం కింద ఫిర్యాదు ఇవ్వాల్సిందే. కానీ బాకీ దావా వేరు, ఆ కేసు వేరు. రెండూ కలిపి ఒకదాన్ని ఇంకోదానికి బేరం పెడితే రెండూ పోతాయి.

మేస్త్రి అన్నలకు ఒక మాట. 1982లో ఢిల్లీ ఏషియాడ్ పనుల కేసులో, కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకోవడం వెట్టిచాకిరేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కూలీలను తెచ్చింది జమాదార్లే. మనకు ఎగ్గొట్టారని మనం కూలీకి ఎగ్గొడితే మన నోట న్యాయం మాట నిలవదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, కాంట్రాక్టరు కూలి ఇవ్వకపోతే పని పెట్టిన కంపెనీదే బాధ్యత. కూలీ, మేస్త్రి కలిసి ఆ కంపెనీని అడగాలి.

మా డిమాండు ఇది. భూమి అమ్మినోడికి 1882లో ఇచ్చిన హక్కు ఇల్లు కట్టినోడికీ, ఆ కట్టడంలో కూలి చేసినోళ్లకూ ఇవ్వాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీస్తే తాకట్టు పెట్టిన అప్పు కనబడుతుంది. ఆ పక్కనే మేస్త్రి బాకీ కూడా కనబడాలి. సర్కారు పనులు పట్టే పెద్ద కాంట్రాక్టరు కింది వాళ్ల సొమ్ముకు పూచీ పెట్టాలి.

ఈ పక్షం ప్రతి వాడలో మేస్త్రులు, కూలీలు ఒకచోట కూర్చోండి. ఎవరు ఎంత బాకీ ఉన్నారో, పని ఎప్పుడు అయిపోయిందో, మూడేళ్లు ఎప్పటికి నిండుతాయో రాయండి. ఒక్కడు గేటు ముందు నిలబడితే బిచ్చం అంటారు. వాడంతా లెక్క పట్టుకుని నిలబడితే అది బాకీ.