ఊరెళ్ళేవాళ్ళూ, ఊరొదిలేవాళ్ళూ

హైదరాబాదు కుర్రాళ్ళ బృందం 'చౌరస్తా' కట్టిన 'ఊరెళ్ళిపోతా మామా' పాట మీరు వినే ఉంటారు. ఏ సినిమాలోదీ కాదు. హీరో లేడు, హీరోయిన్ లేదు, డ్యూయెట్టు లేదు. అయినా యూట్యూబులో లక్షలమంది విన్నారు. సినిమా చెయ్యి పట్టుకోకుండా తెలుగునాట ఒక పాట ఇంతదూరం నడవడం చిన్న సంగతి కాదు. ఆ బృందంలో పాడిన రామ్ మిరియాల 2021లో 'జాతిరత్నాలు'లో 'చిట్టి' పాడి మరింతమందికి తెలిశాడు. సంతోషం.

నా తగాదా పాటతో కాదండీ, విన్నవాళ్ళతో.

పట్నంలో ఉద్యోగం చేసుకునే పెద్దమనిషి ఈ పాట విని కళ్ళు తుడుచుకుంటాడు. అరుగూ, వేపచెట్టూ, అవ్వ చేతి ముద్దా అన్నీ జ్ఞాపకం వస్తాయి. "ఎప్పటికైనా వెళ్ళిపోవాలండీ" అని నిట్టూరుస్తాడు. సోమవారం పొద్దున్నే ఆఫీసుకు పోతాడు. తను వెళ్ళకపోయినా ఊరు తనకోసం అలాగే కూర్చుని ఉంటుందని ఆయన ధీమా.

ఆయన్ను ఒకసారి మా ఆదోని, ఎమ్మిగనూరు వైపు రమ్మనండి. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పల్లెల్లో చేలో పని అయిపోగానే ఇళ్ళకు తాళాలు పడతాయి. మూటాముల్లె, పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికీ, బెంగుళూరుకు కట్టడం పనికీ పోతారు. దీన్ని మావాళ్ళు 'సుగ్గికి పోవడం' అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంట ఇంటికొచ్చే వేళ, పండుగ వేళ. పేరేమో పండుగది, బ్రతుకేమో వలసది! ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది అని ముసలివాళ్ళ సామెత. ఇక్కడ పాతికేళ్ళవాణ్ణే ఊరు పొమ్మంటోంది, గుంటూరు రమ్మంటోంది. వెంటపోయిన పిల్లల చదువు నడిమధ్యలో ఆగుతుంది. ఊళ్ళో మిగిలేది నడవలేని అవ్వాతాతలు.

తుంగభద్ర దిగువ కాలువ ఉంది కదా అంటారు. ఉంది. చివరి పొలం రైతును అడిగితే ఆ కాలువ కథ చెబుతాడు. ఆదోనిలో పేరుమోసిన పత్తి మార్కెట్టూ ఉంది. పత్తి తీసిన చేతులకు మాత్రం ఏడాదంతా పని లేదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో నేతగాళ్ళ సహకార సంఘం పెట్టారు. ఊళ్ళోనే కూడు దొరికే దారి అంటే అలాంటిది. అది పాట విని కన్నీరు పెట్టుకుంటే వచ్చింది కాదు.

2020లో కరోనా వచ్చినప్పుడు ఈ బృందమే చేతులు కలపొద్దని పాట కడితే అందరూ మెచ్చుకున్నారు. ఆ రోజుల్లోనే మా మిరప కూలీలు గుంటూరు జిల్లాలో చిక్కుబడిపోయారు. ఊరెళ్ళిపోతామని నిజంగా మొత్తుకున్నది వాళ్ళు. పాటకు దొరికిన చెవుల్లో పదో వంతు వాళ్ళకు దొరికిందా?

"పాటలో ఇవన్నీ ఎలా పెడతారయ్యా? పాటంటే సర్కారు రిపోర్టా?" అని కొందరు కోప్పడతారు. పెట్టనక్కరలేదు. ఈ కుర్రాళ్ళు ఇష్టపడే రెగే బాణీ జమైకాలో బీదల పేటల్లో పెరిగింది. బాబ్ మార్లే దాన్ని లోకమంతా వినిపించాడు. లోకం తాళం వేసింది, తల ఊపింది, పేటల సంగతి మరచిపోయింది. మనమూ ఆ దారే పట్టాం.

పాట తన పని చేసింది, ఊరిని తలపించింది. తక్కిన పని విన్నవాళ్ళది. పల్లెలో కొద్ది రోజులు కాదు, ఏడాదంతా పని ఉండాలని అడగండి. కాలువ చివరిదాకా నీళ్ళు అడగండి. మీరు తీరిగ్గా వెళ్ళేనాటికి తలుపు తీసి "ఎప్పుడొచ్చినావు నాయనా?" అనే మనిషి అక్కడ ఉండాలి కదా!