ఇంటి పన్ను రశీదు మీద ఎవరి పేరుంది?

పట్టణాలలో ఇంటి పన్నుకు ఆధారం మారింది. పూర్వం ఒక ఇంటికి ఏడాదికి ఎంత అద్దె రాగలదో అంచనా కట్టి, దానిపై పన్ను విధించేవారు. 2020లో రాష్ట్ర పురపాలక చట్టాలను సవరించి, 2021 ఏప్రిల్ 1 నుండి ఇంటి మూలధన విలువపై పన్ను వేయడం ఆరంభించారు. నివాస గృహాలకు ఈ రేటు 0.10 నుండి 0.50 శాతం వరకు ఉండవచ్చు. అంటే పది లక్షల విలువగల ఇంటికి వెయ్యి రూపాయల నుండి అయిదు వేల వరకు. ఆ విలువకు ఆధారం రిజిస్ట్రేషన్ శాఖ లెక్కలు. 375 చదరపు అడుగులకు మించని ఇళ్లకు ఏడాదికి 50 రూపాయలుగా నిర్ణయించడం మెచ్చదగినదే. పెరుగుదల ఏటా 15 శాతం మించరాదన్న పరిమితి కూడా ఉంది. అయితే ఏటా 15 శాతం పెరిగే పన్ను అయిదేళ్లలో రెట్టింపవుతుందని తెలుసుకోవడానికి గుమాస్తా లెక్క చాలు.

ఒకవైపు శ్రీహరికోట, మరొకవైపు శ్రీసిటీ ఉన్న సూళ్లూరుపేటలో స్థలాల ధర పెరగక తప్పదు. 2025 ఫిబ్రవరి 1 నుండి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ విలువలను సవరించారు కూడా. తాతల నాటి ఇంట్లో కాపురముంటూ, ముందరి గది అద్దెతో మందులు కొనుక్కునే వితంతువుకు భూమి ధర పెరిగినందువల్ల చేతికి వచ్చేదేమీ లేదు. పన్ను మాత్రం పెరుగుతుంది. రాబడిని చూడక విలువనే చూసే పన్ను న్యాయమైనది కాదని మా అభిప్రాయం. ఇటువంటివారికి ఊరట కోరవలసిందే.

కాని కోరేది ఎవరి పేరున? మన మహల్లాలలో పలు ఇళ్ల రశీదులు నేటికీ మరణించిన తాతగారి పేరుననే వస్తున్నాయి. మాట మీద హిబా, మాట మీద పంపకం మనకు అలవాటు. చట్టం దానిని కాదనలేదు. ఆస్తి బదిలీ చట్టంలోని 129వ సెక్షను ముస్లింల హిబాకు రిజిస్ట్రేషన్ నుండి మినహాయింపునిచ్చింది. ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన హఫీజా బీబీ కేసులో 2011లో సుప్రీంకోర్టు, హిబాను కాగితంపై రాసుకున్నంత మాత్రాన రిజిస్టరు చేయించనక్కరలేదని తీర్పు చెప్పింది. దాత ప్రకటన, గ్రహీత అంగీకారం, స్వాధీనం ఉంటే చాలు. అయితే ఆ మూడూ జరిగాయని ఇరవై ఏళ్ల తరువాత చెప్పేదెవరు? సాక్షులు అప్పటికి ఖబరస్తానులో ఉంటారు.

కొలతలు తప్పుగా పడినా, పన్ను ఎక్కువగా వేసినా అభ్యంతరం తెలిపేవాడిని ముందుగా అడిగేది, ఈ ఇంటితో నీకేమి సంబంధమని. ఇల్లు అమ్మేటప్పుడు కూడా ఇదే చిక్కు. 2024 జూలై 23కు ముందు సంక్రమించిన ఇంటిపై వచ్చిన దీర్ఘకాలిక లాభానికి, ధరల సూచీ లేకుండా 12.5 శాతం గాని, సూచీతో 20 శాతం గాని, ఏది తక్కువైతే అది చెల్లించవచ్చు. వారసత్వపు ఇంటికి పూర్వ యజమాని పెట్టిన ఖర్చును, మరీ పాతదైతే 2001 ఏప్రిల్ 1 నాటి విలువను లెక్కలోకి తీసుకోవచ్చు. కాగితం లేనివాడికి ఈ సౌకర్యాలు పుస్తకంలోనే ఉండిపోతాయి.

అన్నిటికన్నా బాధాకరమైనది ఆడపిల్లల సంగతి. పేరు మార్పిడి దరఖాస్తులు చూసిన వారికి తెలుసు: అన్నగారు ఒక్కరే వారసునిగా ప్రమాణపత్రం ఇస్తారు, చెల్లెళ్ల పేర్లు ఎక్కడా కనబడవు. సూరా నిసా నిర్ణయించిన వాటాలను గురించి ప్రసంగాలలో వింటాము, దరఖాస్తులో మరచిపోతాము. పన్ను రశీదు యాజమాన్య హక్కునివ్వదని న్యాయస్థానాలు పలుమార్లు చెప్పాయి, నిజమే. కాని ఆ మాట చెప్పించుకోవడానికి చెల్లెలు ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగాలి.

2025 ఏప్రిల్ 8న అమలులోకి వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం, ఇకపై పత్రం లేనిదే వక్ఫ్ ఏర్పడదని అన్నది. దానిపై మనం సభలు పెట్టాము, పెట్టవలసిందే. అదే పట్టుదల సొంత ఇంటి బీరువా తెరవడంలో కనబడదు.

మస్జిద్ కమిటీలు జుమా నమాజు తరువాత ఒక బల్ల వేసి, చదువుకున్న యువకులను ఇద్దరిని కూర్చోబెట్టవచ్చు. పాత రశీదు, మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తెచ్చినవారికి దరఖాస్తు రాసిపెట్టాలి. వారసులందరి పేర్లూ, కుమార్తెలతో సహా, అందులో ఉండాలి. లోగడ జరిగిన హిబా ఏదైనా ఉంటే, సాక్షులు బ్రతికి ఉండగానే దాని వివరాలు కాగితం మీద పెట్టించాలి. ఏప్రిల్ 30లోగా ఏడాది పన్ను మొత్తం చెల్లించేవారికి 5 శాతం రాయితీ ఉంటుంది గనుక, ఆ లోపుననే ఈ పని మొదలుపెట్టడం మేలు.