మాయాబందర్‌లో నిశ్శబ్దం ఖరీదు

ఎన్నికల్లో ఇద్దరు అభ్యర్థుల మధ్య తేడా ఎంత తక్కువైతే ప్రచారపు హోరు అంత ఎక్కువగా ఉంటుంది. ఖరీదైన వైర్‌లెస్ హెడ్‌ఫోన్ల విపణిలోనూ ఇదే తంతు. ఒకవైపు 2022లో వచ్చిన సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎం5, మరోవైపు 2023లో వచ్చిన బోస్ క్వయట్‌కంఫర్ట్ అల్ట్రా. రెండూ బయటి రొదను అణచేవే. రెండూ చిరుద్యోగి నెల జీతాన్ని మింగేవే. హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ఉన్నవారికి ఈ ఎంపిక అభిరుచికి సంబంధించిన విషయం. దుకాణానికి వెళ్లి, రెండూ తలకు పెట్టుకుని చూసి, నచ్చినది కొనుక్కోవచ్చు. మాయాబందర్‌లో ఉన్న కొనుగోలుదారుకు మాత్రం ఇది పౌరుడిగా తనకు దక్కుతున్న వాటాను లెక్క చూసుకునే సందర్భం.

మాయాబందర్ 2006లో ఏర్పడిన ఉత్తర, మధ్య అండమాన్ జిల్లాకు కేంద్రం. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు ఇక్కడి నుంచి రోడ్డు మార్గాన దాదాపు 240 కిలోమీటర్లు. జరావాల రిజర్వు గుండా వాహనాల బారుతో కలిసి కదలాలి, బారాటాంగ్ దగ్గర జలసంధిని పడవ మీద దాటాలి. 2011 జనగణన ప్రకారం ఈ ద్వీపాల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకూ కూలి పనులకూ వచ్చి స్థిరపడిన కుటుంబాలు వారిలో అనేకం. 2023లో బీజేపీ మద్దతుతో పోర్ట్ బ్లెయిర్ పురపాలక మండలి అధ్యక్ష పీఠం తెలుగుదేశానికి దక్కినప్పుడు అమరావతిలో సంబరపడ్డారు. ఆ సంబరం తర్వాత ఇక్కడి తెలుగువారి నిత్యజీవితం మన రాజకీయ చర్చలో ఎక్కడా కనిపించలేదు. శాసనసభ లేని ఈ కేంద్రపాలిత ప్రాంతానికి ఉన్నది ఒకే ఒక్క లోక్‌సభ స్థానం.

ఇటువంటి ఊళ్లో హెడ్‌ఫోన్లు విలాసం కదా అనేవారు ఉంటారు. 2020 ఆగస్టు 10న ప్రధాని ప్రారంభించిన చెన్నై-అండమాన్ సముద్రగర్భ కేబుల్ సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున సాగి, మాయాబందర్‌కు దక్షిణంగా ఉన్న రంగత్‌నూ తాకింది. ఆ తర్వాత ఈ జిల్లాలోని విద్యార్థికి ఢిల్లీ, హైదరాబాద్ శిక్షణ కేంద్రాల ఆన్‌లైన్ పాఠాలు అందుబాటులోకి వచ్చాయి. పాఠం వచ్చింది కానీ, ప్రశాంతత రాలేదు. ద్వీపాల్లో విద్యుత్తు ప్రధానంగా డీజిల్ జనరేటర్ల నుంచే వస్తుంది. వానాకాలంలో రేకుల కప్పు కింద గురువుగారి మాట వినబడదు. చదువుకు గది కేటాయించే స్తోమత లేని ఇంట్లో ఏకాగ్రతకు దారి చూపేది ఇలాంటి పరికరమే.

దాని పనితీరు సులభంగానే అర్థమవుతుంది. బయటి ధ్వనిని మైక్రోఫోన్లు పట్టుకుంటాయి; దానికి సరిగ్గా తలకిందులైన తరంగాన్ని లోపలి స్పీకర్ పుట్టిస్తుంది; రెండూ కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఎడతెగని మంద్రధ్వని మీద, అంటే జనరేటర్, బస్సు ఇంజన్, ఓడ యంత్రం వంటి వాటి మీద, ఈ ఉపాయం బాగా పనిచేస్తుంది. రేకుల మీద వాన చప్పుడు, పసివాడి ఏడుపు వంటివి పూర్తిగా పోవు. అక్కడ చెవి చుట్టూ ఉండే మెత్తే సాయపడాలి.

ఈ సాంకేతికతకు ఈ ద్వీపాలను తలపించే పూర్వకథ ఒకటి ఉంది. బోస్ సంస్థాపకుడు అమర్ బోస్‌కు 1978లో జ్యూరిచ్ నుంచి బయలుదేరిన విమానంలో ఈ హెడ్‌ఫోన్ల ఆలోచన తట్టింది. ఆయన తండ్రి నోనీ గోపాల్ బోస్ బ్రిటిష్ పాలనను ఎదిరించి, అమెరికాకు తప్పించుకుపోయిన బెంగాలీ విప్లవకారుడు. తప్పించుకోలేని ఎందరో బెంగాలీ విప్లవకారులు పోర్ట్ బ్లెయిర్ సెల్యులార్ జైలులోని ఏకాంతపు కొట్లకు చేరారు. ఆనాడు ఈ ద్వీపాల్లో నిశ్శబ్దాన్ని శిక్షగా విధించారు. ఈనాడు అదే ద్వీపాల్లో దాన్ని డబ్బు పోసి కొనుక్కోవాలి.

ఇక ఎంపిక. సోనీలో రొదను అణచడానికి ఎనిమిది మైక్రోఫోన్లు, రెండు ప్రాసెసర్లు ఉన్నాయి. ఆ పని జరుగుతుండగానే 30 గంటల ఛార్జింగ్ వస్తుంది. మూడు నిమిషాల వేగవంతమైన ఛార్జింగ్‌తో మూడు గంటలు నడుస్తుందని సంస్థ చెబుతుంది. బోస్‌ది 24 గంటలు. రెండింటి బరువూ సుమారు 250 గ్రాములే. బోస్ మడతపడుతుంది, సోనీ మడతపడదు. ప్రతి నెలా బస్సెక్కి రాజధానికి పోయేవారికి, సంచిలో ఇమిడే బోస్ మేలు. ఇంటిపట్టున ఉండి, కరెంటు పోయినప్పుడు కూడా చదువు సాగించాలనుకునే విద్యార్థికి సోనీయే సరైనది. ఆ ఆరు గంటల తేడా మహానగరంలో లెక్కలోకి రాదు, ఇక్కడ వస్తుంది.

అయితే మాయాబందర్‌లో అసలు పరీక్ష కొన్న రోజున కాదు, మూడో ఏట మొదలవుతుంది. ఉప్పుగాలిలో, ఉక్కపోతలో చెవి మెత్తలు పొరలూడతాయి. లిథియం బ్యాటరీ ఏటేటా నీరసిస్తుంది. మడతపడటం, పడకపోవడం కన్నా విడి భాగాలు దొరకడం అప్పుడు ముఖ్యమవుతుంది. హైదరాబాద్ వినియోగదారు చెల్లించే 18 శాతం వస్తు సేవల పన్నునే మాయాబందర్ వినియోగదారూ చెల్లిస్తాడు. ఆ పన్నులో సేవ అనే మాట సముద్రం దాటేసరికి అక్షరాలకే పరిమితమైపోతుంది.

చట్టాలు లేకపోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేయవచ్చు. 2022 జులైలో మరమ్మతు హక్కుపై కేంద్రం కమిటీని నియమించింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలను ఎంచుకుని, అదే ఏడాది చివర ఒక పోర్టల్‌నూ తెరిచింది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు పాత బ్యాటరీల సేకరణ గురించి చెబుతాయి కానీ, కొనుక్కున్నవాడు తన పరికరంలో బ్యాటరీని తానే మార్చుకునే వీలు కల్పించమని తయారీదారును ఆదేశించవు. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టం 2027 ఫిబ్రవరి 18 నుంచి సరిగ్గా ఆ పనే చేస్తుంది. అక్కడ అమ్మాలంటే ఈ రెండు సంస్థలూ దానికి తలవంచక తప్పదు.

ప్యారిస్ పౌరుడికి ఇవ్వగలిగిన సౌకర్యం మాయాబందర్ పౌరుడికి ఇవ్వలేమని ఏ సంస్థా అనజాలదు. అడగని ప్రభుత్వానికి మాత్రం ఏ సంస్థా తనంతట తానుగా ఇవ్వదు. ద్వీపాలకు కొత్త పేర్లు పెట్టడంలో చూపిన ఉత్సాహంలో పదో వంతు చూపినా ఈ నిబంధన పార్లమెంటు ముందుకు వస్తుంది. ఒకే ఒక్క సభ్యుడున్న ద్వీపాల గొంతు సభలో వినపడకపోతే, తీరాంధ్ర నుంచి ఎన్నికైనవారు దానికి తోడు కావాలి. అక్కడ ఆ విద్యార్థి రొదను అణచుకుని చదువుకుంటున్నాడు. ఢిల్లీ అతని మాటను కూడా రొదగా లెక్కగట్టి అణచకూడదు.