బొడ్డుతాడు బీమా ఎవరి లాభానికి?

బిడ్డ బొడ్డుతాడు రక్తాన్ని డబ్బు కట్టి ప్రైవేటు బ్యాంకులో దాచని తల్లిదండ్రులు బాధ్యత తెలియనివాళ్లన్న మాట బెంగళూరులో బాగా పాకింది. పీణ్య పారిశ్రామికవాడలో లేత్‌ మిషన్ల దగ్గర షిఫ్టులు చేసే మన హిందూపురం, మడకశిర కుటుంబాలనూ అది వదల్లేదు. చెకప్‌కి వెళ్లిన గర్భిణి చేతిలో రంగుల కరపత్రం పెడతారు: ఎనభై జబ్బులకు రక్ష, సులభ వాయిదాలు. ఓవర్‌టైమ్‌ డబ్బంతా అటే పోతుంది.

ఇందులో నిజం సగమే. రక్తాన్ని పుట్టించే మూలకణాలు ఎముక మజ్జలోనే కాదు, బొడ్డుతాడు రక్తంలోనూ ఉంటాయి. 1988లో పారిస్‌లోని సెయింట్‌ లూయీ ఆసుపత్రిలో ఎలియాన్‌ గ్లుక్‌మన్‌ బృందం ఫ్యాంకోనీ అనీమియా అనే జన్యుపరమైన రక్తజబ్బు ఉన్న ఐదేళ్ల బాబుకు ఆ రక్తమే ఎక్కించి బతికించింది. అయితే అది ఎవరి రక్తం? చెల్లెలిది. వాడి సొంతది దాచి ఉన్నా పనికొచ్చేది కాదు, జన్యులోపం అందులోనూ ఉంటుంది కనుక. తలసీమియాకూ ఇదే లెక్క. సొంత వాడకం కోసం దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లోనే చెప్పింది.

ఇంట్లో ఇప్పటికే అలాంటి జబ్బున్న బిడ్డ ఉంటే సంగతి వేరు. అప్పుడు తోబుట్టువు రక్తం దాచడం సబబే. మిగతావాళ్లకు అమ్ముతున్నది భయాన్నే.

అసలు నష్టం కాన్పు గదిలో జరుగుతుంది. బిడ్డ బయటికొచ్చాక కూడా కాసేపు బొడ్డుతాడు కొట్టుకుంటూనే ఉంటుంది. మాయలోని రక్తం బిడ్డలోకి దిగుతుంటుంది. కనీసం ఒక నిమిషం ఆగి క్లాంప్‌ వెయ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ రక్తంలోని ఇనుము బిడ్డకు నెలల తరబడి అక్కరకొస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలలు దాటిన ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతానికి రక్తహీనత. దాచే రక్తం సేకరించే సంచి నిండాలని తొందరపడి క్లాంప్‌ వేస్తే, ఎప్పుడో రాబోయే జబ్బు పేరు చెప్పి ఇవాళ బిడ్డ నోటికాడి ముద్ద లాక్కున్నట్టే.

మూలకణాలు అవసరమైనవాళ్లకు వేరే దారి ఉంది. దాతకు ఇంజెక్షన్లిచ్చి కణాలను మజ్జ నుంచి రక్తంలోకి రప్పిస్తారు. చేతి నరం నుంచి మిషన్‌తో వాటిని వేరుచేసి, మిగతా రక్తాన్ని తిరిగి ఎక్కిస్తారు. వెన్నెముకకు సూది తగలదు. బెంగళూరులోనే డీకేఎంఎస్‌ ఫౌండేషన్‌ ఇండియా దాతలను నమోదు చేస్తోంది. చెంప లోపల పుల్లతో తుడిచి ఇస్తే చాలు, పైసా అడగరు.

వాయిదాల కాగితం మీద సంతకం పెట్టే ముందు మీ డాక్టరునే అడగండి: "బొడ్డుతాడుకి క్లాంప్‌ ఎంతసేపు ఆగి వేస్తారు?" దాచుకున్న డబ్బు బిడ్డ తిండికి పెట్టండి, దాతల రిజిస్ట్రీలో మీ పేరు రాయించుకోండి.